ఉప్పుగాలి మీద నెపం

సముద్రం చూడ్డానికి జనం ఎందుకు ఎగబడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇసుకలో అడుగేస్తే అరడుగు వెనక్కి లాగుతుంది. నీళ్లు బోలెడు, తాగడానికి గుక్కెడు లేవు. అలాంటి దాని పక్కన, భీమిలి దారిలో, చెప్పులు చేతబట్టుకుని పొద్దంతా నడిచాను. మా నాయన మాట నిలబెట్టడానికి.

మాది ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కే ఇల్లు. నాయన ఎప్పుడో ఒక జాలరి ఊరికి అమ్మవారిని చెక్కి ఇచ్చాడు. ఇప్పుడు ఆ అమ్మవారి ముక్కు ఊడిందని ఊరివాళ్లు ఫోన్ చేశారు. మోకాళ్లు పోయి మంచం మీదున్న నాయన, అక్కణ్ణుంచే మండిపడ్డాడు.

"నా రాయి ఊడేదేంది! ఉప్పుగాలి తినింటాది. నువ్వే పోయి చూసిరాపో."

ఆయన కోపానికి కారణముంది. విరిగిన విగ్రహాన్ని రాతిపొడి, బంక కలిపి అతికించి ఇచ్చేవాళ్లను జీవితమంతా ఛీకొట్టిన మనిషి. "అతుకు దేవునికి మొక్కేదానికన్నా పశువుల గుంజకు మొక్కేది మేలు" అనేవాడు. అలాంటివాడి చేతి పనిలో అతుకని తేలితే ఇంకేముంది, పరువు గంగలో కలిసినట్టే. కాదని తేల్చి రావడానికే నేను బయల్దేరాను.

దారిలో ఎర్రమట్టి దిబ్బలు. వాటిని చూడ్డానికి బస్సులేసుకుని వస్తారట! నల్లమల కింద పుట్టినవాడికి ఇవి ఎలుకలు తోడిన కుప్పలు. కాబోయే పెళ్లికొడుకు ఒకడు ఆ ఎండలో కోటు తొడుక్కుని, కాబోయే పెళ్లాన్ని ఎత్తుకుని దిబ్బ ఎక్కుతున్నాడు. ఫొటోగ్రాఫరేమో "నవ్వండి సార్, నవ్వండి" అంటున్నాడు. పెళ్లయ్యాక ఎటూ నవ్వలేడని కాబోలు.

దిబ్బలు దాటి, సముద్రం మీదికి పొడుచుకొచ్చిన రాతిగట్టు ఎక్కాను. ఆ రాయినీ తిట్టుకున్నాను. ఉలి పెడితే పొడైపోయే రకం. గట్టు కొసన గుడి, గుడిలో దీపం సర్దుతున్న ఒక ముసలమ్మ. నేనెవరో చెబితే లోపలికి రమ్మంది.

విగ్రహం ముందు ఎవరైనా చేతులు జోడిస్తారు. నేను వేలి గణుపుతో అమ్మవారి చెంప మీద టకటకా కొట్టాను. రాయిని మోగించి వినందే మాకు ఏదీ నమ్మబుద్ధి కాదు.

"ఏటయ్యా, అమ్మోరి సెంప మీద కొడతన్నావేటి! మతి పోనాదేటి?" అని ముసలమ్మ అరిచింది.

"రాయి చూస్తాండా అవ్వా" అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

చెంప గంటలా మోగింది. ఉప్పుగాలి ఆ నల్లరాయిని వెంట్రుకవాసి కూడా తినలేదు. ముక్కు ఊడిన చోట గీకితే గోట్లోకి పచ్చటి బంక వచ్చింది. సుత్తి పిడులు బిగించడానికి మా ఇంట్లో కాచే బంకే. ఆ విగ్రహం మీద నాయన ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఊరందర్నీ తిట్టిన నోరు ఇదేనా!

"ఇది అతుకు అవ్వా" అన్నాను.

"తెల్సు నాయినా. నిలబెట్టిన నాడే మీ అయ్య సెప్పినాడు. ఆకర్న ఉలి జారిపోనాది, అతికించినాను, ఒద్దంటే ఇంకోటి సెక్కుతానన్నాడు. ఏడిసినాడు కూడాను. మాకీ అమ్మోరే సాలన్నాం. మల్లీ అతికిత్తాడని ఫోన్ సేసినాం."

బయటికొచ్చి గట్టు మీద నిలబడి నాయనకు ఫోన్ చేశాను.

"ఏందీ, చూసినావా?"

"చూసినా. ఉప్పుగాలే నాయనా."

అవతల మంచం కిర్రుమనడం వినబడింది.

"గుళ్లో ఉండే ఆ యమ్మ చెప్పలేదా నీకు?"

"చెప్పింది."

"ఊరోళ్లకు చెప్పినా. నీకు చెప్పేదానికే నోరు రాల్యా అప్పా. అందుకే పంపిస్తి."