అప్లికేషన్ అక్క రాసిన ఎర్రగుడ్డ ఉత్తరం

ఇంటర్నేషనల్ స్కూలు అడ్మిషన్ల ఆఫీసులో అప్లికేషన్ అక్క ఏడ్చిన ఏడుపుకి అక్కడి తివాచీ తడిసి ముద్దయిందని, దాన్ని మేడ మీద ఆరేస్తే మూడు రోజులకి గానీ ఆరలేదని వీధిలో చెప్పుకుంటారు. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన్ని అడిగితే ముసిముసిగా నవ్వి ఊరుకుంటాడు. అసలు ఆ గదిలో తివాచీయే లేదు, ఉన్నదంతా నున్నటి రాయి అని ఇంకొకావిడ వాదన. ఏడవడం మాత్రం ఏడ్చిందనే అందరి నమ్మకం.

స్కూలూ కాలేజీ రెండూ ఒకే ప్రహరీలో ఉంటాయి. ఆ గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, అడ్మిషన్ల అప్లికేషన్లు నింపిపెట్టే అక్క కొట్టు. ఒక జిరాక్స్ మిషను, ఒక స్కానరు, ఫోటోల కోసం గోడకి మేకులు కొట్టి బిగించిన తెల్లగుడ్డ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. అందులో ఒకదానికి కాలు సరిగ్గా లేదు, కొత్తవాళ్ళని అందులోనే కూర్చోబెడుతుంది. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసినా, అడ్మిషన్ల సీజనులో ఆవిడ ముందు కలెక్టరైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ ఫారం అలాంటిది మరి. ఆన్‌లైన్లో ఇరవై మూడు పేజీలు. టీకాల కార్డు దగ్గర్నుంచి తాతగారి చదువు దాకా అడుగుతుంది. ఫోటోలో చెవి కనపడకపోతే వెనక్కి కొడుతుంది.

వీటన్నిటికీ జనం భయపడరు. చివరి పేజీకి భయపడతారు. 'మీ బిడ్డ ఎలాంటిదో తెలిపే ఒక సంఘటన మీ మాటల్లో రాయండి' అని ఉంటుందక్కడ. అక్కడికి వచ్చేసరికి బ్యాంకు మేనేజర్లకి కూడా నాలుక పిడచకట్టుకుపోతుంది.

"మావాడు చాలా తెలివైనవాడమ్మా," అంటారు.

"ఏం చేస్తాడండీ?"

"ఏముంది, ఫోను చూస్తాడు."

దాంతో అక్కే ఏదో ఒకటి అల్లుతుంది. గాయపడ్డ పావురాన్ని కాపాడటం ఆవిడకి బాగా అచ్చొచ్చిన కథ.

ఆ ఏడు చివరి తేదీకి రెండు రోజుల ముందు టైల్స్ షాపు ఆయన భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. వెనక లైను మలుపు దాటి బస్టాపు దాకా ఉంది. "ఏదైనా మంచిది రాయమ్మా, పావురం వద్దు, మా తోడల్లుడి కొడుక్కి అదే రాశావంట," అన్నాడాయన. అక్క వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆగిన వేళ్ళు తర్వాత వాటంతట అవే కదిలినట్టు ఆవిడకి అనిపించింది.

ఆవిడ రాసింది చెల్లెలి కూతురి సంగతి. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. పదేళ్ళది. వాళ్ళ నానమ్మకి చెవులు పూర్తిగా పోయాయి. ఎవరు తలుపు కొట్టినా వినపడదు, పగలంతా ఒంటరిగా కూర్చుంటుంది. పిడుగు తలుపు గొళ్ళానికి నైలాను తాడు కట్టి, గోడల వెంట మేకుల మీదుగా లాగి, రెండో చివర ఎర్రగుడ్డ ముక్క కట్టి నానమ్మ కుర్చీ ఎదురుగా వేలాడదీసింది. బయట ఎవరైనా గొళ్ళెం ఆడిస్తే గుడ్డ ఎగురుతుంది. ముసలావిడ నవ్వుకుంటూ లేస్తుంది. ఇదంతా పిడుగు వచ్చి చెప్పింది పెద్దమ్మకే.

టైల్స్ షాపు ఆయన ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకున్నాడు. "మా అమ్మాయి ఇంత పని చేసిందా!" అన్నాడు.

అక్క మనసులో ఏదో గుచ్చుకోకపోలేదు. మావాళ్ళెక్కడ, ఈ స్కూలెక్కడ, వాళ్ళకి ఈ కథతో పనేముంది అనుకుని బటన్ నొక్కేసింది. తర్వాత రోజుల్లో ఆవిణ్ణి నమిలి మింగింది ఈ మాటే. కథ ఎత్తుకెళ్ళడం ఒక ఎత్తు. పిడుగు ఆ గేటు దాటదని తనే తీర్పు చెప్పేయడం ఇంకో ఎత్తు.

మర్నాడే చెల్లెలు ఊడిపడింది. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుందావిడ, మోచేతుల దాకా వేడికి కమిలిన మచ్చలు. పూర్తి ఫీజు మాఫీతో ఒక సీటు ఉందని గేటు మీద బోర్డు చూసిందట.

"అక్కా, కాయితాలన్నీ నువ్వు ఎక్కించు. ఆ ఉత్తరం మాత్రం ముట్టుకోకు. నా కూతురి గురించి నేనే రాసుకుంటా. చేత్తో రాసి తెచ్చా, స్కాన్ చెయ్యి చాలు."

అక్క ఆ కాయితం చూసింది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. మూడో లైనులో ఎర్రగుడ్డ. కాయితాన్ని స్కానరు మీద పెట్టి మళ్ళీ తీసింది. "ఇంకేదైనా రాయకూడదటే?" అంది చివరికి.

"ఇంతకంటే ఏముందే?"

నిజమే, ఏముంది. స్కాన్ చేసింది.

పది రోజులకి ఇంటర్వ్యూకి పిలిచారు. మరిది కొత్త చొక్కా వేసుకుని, చెల్లెల్నీ పిడుగునీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. గంటలో ముగ్గురూ తిరిగొచ్చి కొట్టులో కూలబడ్డారు. చెల్లెలు కాలు సరిగ్గా లేని కుర్చీలో కూర్చుని కూడా కదల్లేదు, అంత బిగుసుకుపోయింది.

"నా కూతురు దొంగట అక్కా."

"ఎవరన్నారే?"

"అన్లేదు. ఆ అడ్మిషన్ల మేడం నవ్వింది. ఇదే సంఘటన మాకు ముందే ఇంకొకరు పంపారండీ అని నవ్వింది."

"నేనెవరికీ చెప్పలేదమ్మా," అంది పిడుగు. "పెద్దమ్మకి తప్ప."

పిల్ల ఉన్న మాటే అంది, అందులో నిందేమీ లేదు. అక్కకి మాత్రం జిరాక్స్ మిషను లైటు మొహం మీద కొట్టినట్టయింది.

"మీ వీధి వీధంతా చూసిందే కదా ఆ గుడ్డని! ఎవరు రాశారో ఏమో," అనేసింది.

ఆ పూట నుంచి అక్కకి అన్నం సయించలేదు. చేతులు దారి తప్పాయి. కాలేజీలో చేరే ఒక అబ్బాయి ఫారానికి వాళ్ళ నాన్న పెళ్ళి ఫోటో ఎక్కించింది. ఇంకో స్కూలు ఫారంలో ఒకటో తరగతి పిల్లకి నలభై రెండేళ్ళని కొట్టింది. గోడ మీది తెల్లగుడ్డ చూసినా అది ఎర్రగానే కనపడేదట.

రెండో రోజు పొద్దున, కొట్టు తెరవకుండా, రోడ్డు దాటి గేటు లోపలికి నడిచింది. పదేళ్ళుగా ఎదురుగా ఉంటూ అదే మొదటిసారి వెళ్ళడం.

"ఎవరి తరఫున వచ్చారు?" అంది మేడం.

"ఎవరి తరఫునా కాదండీ. తప్పు నాది." గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది.

మేడం ఒక ఫైలు తీసి టేబుల్ మీద పరిచింది. "ఈ ఏడాది పదకొండు మంది పిల్లలు పావురాన్ని కాపాడారు. అందరికీ ఎడమ రెక్కే విరిగింది. ఒకటే పావురమా?"

"అవునండీ," అంది అక్క. "పాపం, గట్టిది."

మేడం నవ్వు ఆపుకుంది గానీ వదిలిపెట్టలేదు. "టైల్స్ షాపు వాళ్ళ పాపని ఏం చెయ్యమంటారు?"

"ఆ పిల్లకి ఏమీ తెలీదు మేడం. నన్ను తిట్టండి, కావాలంటే కొట్టు మూయించండి. పిల్లల్ని ఏమీ అనకండి. ఆ తాడు కట్టింది మా పిడుగు. ఒకసారి మా చెల్లి ఇంటికెళ్ళి తలుపు గొళ్ళెం ఆడించి చూడండి." ఏడుపు వచ్చింది ఇక్కడేనంటారు.

అందరి తల్లిదండ్రులూ స్కూలు హాల్లో కూర్చుని, తమ చేత్తో మళ్ళీ ఉత్తరం రాయాలని మేడం నిర్ణయించింది. అక్క ఇక కాయితాలు ఎక్కించడమే తప్ప ఉత్తరాల జోలికి రాకూడదంది. చివర్లో ఒకటి అడిగింది. "మీ చెల్లెలికి చెప్పారా?"

"చెప్తానండీ."

"మీరే చెప్పాలి. నేను చెప్పను."

టైల్స్ షాపు ఆయన హాల్లో మూడు గంటలు చెమటలు కక్కి, కూతురికి చీకటంటే భయమని, అయినా తమ్ముడికి తోడుగా లేచి వెళ్తుందని రాశాడు. ఆ పిల్లకి సీటొచ్చింది. పిడుగుకి ఫీజు లేని సీటొచ్చింది.

చేర్పించే రోజు చెల్లెలు టీసీ, టీకాల కార్డు, ఇంటి చిరునామా కాయితం పట్టుకుని ఎగురుకుంటూ వచ్చింది. "ఎవరో మేడం దగ్గరికెళ్ళి నిజం చెప్పారంట అక్కా! ఎవరో ఆవిడ చెప్పదు. ఆ మనిషి నూరేళ్ళు చల్లగా ఉండాలి. మా కథ ఎత్తుకుపోయినవాళ్ళ చేతులు మాత్రం పడిపోవాలి."

దీవెనా శాపం రెండూ ఒకే నెత్తి మీద పడ్డాయి. అక్క తల వంచుకుని టీకాల కార్డు స్కాన్ చేసింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆవేళే చెబుదామనుకుంది. మర్నాడు అనుకుంది. పిడుగు కొత్త యూనిఫాంతో ఫోటోకి నిలబడ్డప్పుడు కూడా అనుకుంది.

వీధి అంతకాలం ఆగుతుందా? ఒక మధ్యాహ్నం చెల్లెలు ఇస్త్రీ మధ్యలో వదిలేసి వచ్చింది. పక్కన పిడుగు.

"అక్కా, జనం ఏదేదో అంటున్నారు. ఆ కథ టైల్స్ వాళ్ళకి రాసిచ్చింది నువ్వేనంట. తర్వాత మేడం దగ్గరికెళ్ళి ఏడ్చింది కూడా నువ్వేనంట. నిజమా?"

పిడుగు పెద్దమ్మ మొహంలోకే చూస్తోంది.

"ఏ కథే? ఏ మేడమే?" అంది అప్లికేషన్ అక్క, మిషన్లో లేని కాయితం వెతుక్కుంటూ. "నేనేంటి, టైల్స్ వాళ్ళకి రాయడమేంటి! ఆ గేటు లోపలికి నేను జన్మలో అడుగుపెట్టలేదు. అంతా ఉత్తదే. పనిలేనివాళ్ళు పుట్టించింది, నువ్వు నమ్మకు."