సాంబ్రాణి వేయని శుక్రవారం

తట్టాంచావడిలో మా పెదనాయనకు పెళ్లి శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సు ఉంది. దాని వెనక గదిలో నేను ప్రొటీన్లు అచ్చువేస్తాను. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, ఆ ప్రొటీన్లు నాకు పట్టపగలే చుక్కలు చూపించాయి.

చెప్పుకోవడానికి పని చిన్నదే. ప్లాస్టిక్ ఫిల్ము మీద కరెంటు పారే కార్బన్ ఇంకుతో గీతలు పెదనాయన స్క్రీన్ బల్ల మీదే అచ్చువేసుకుంటాను. వాటి మీద ప్రొటీన్ కలిపిన ఇంకును చిన్న ప్రింటరుతో సన్నని చుక్కలుగా వేయాలి. ఆ ప్రొటీన్ అక్కడే అంటుకుని ఉంటే, పైన వేసిన మూత్రం బొట్టులో కిడ్నీ దెబ్బతిన్న జాడను పట్టుకుంటుంది. కడిగినప్పుడు ఊడిపోయిందంటే అది ఉత్త ప్లాస్టిక్ ముక్క. నావి ఊడిపోతూనే ఉన్నాయి. నెలాఖరుకల్లా పనిచేసే పరీక్ష పట్టీలు చూపించకపోతే తప్పుకుంటామని పెట్టుబడి పెట్టినవాళ్లు తేల్చి చెప్పేశారు. అప్పుడిక ఆ గదికి తాళం వేసుకోవడమే.

ఉప్పు మార్చాను, జిగురు మార్చాను, ఆరబెట్టే వేడి మార్చాను. ఏదీ కలిసిరాలేదు. చివరికి నా కళ్లు సాంబ్రాణి మీద పడ్డాయి. ప్రతి శుక్రవారం సాయంత్రం పెదనాయన నిప్పుల మీద సాంబ్రాణి వేసి, మిషన్లకు, ఇంకు డబ్బాలకు, కాగితం కట్టలకు పొగ చూపిస్తాడు. నా మీద అభిమానం కొద్దీ నా గదిలోకొచ్చి, ఆరబెట్టిన ఫిల్ముల దగ్గర ఇంకాస్త ఎక్కువే వేస్తాడు. పొగ పట్టిన ఫిల్ము మీద నీటి బొట్టు వేసి చూశాను. పరుచుకోకుండా, నూనె రాసిన పళ్లెంలో లాగా గుండ్రంగా నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"పెదనాయనా, ఆ పొగ జిడ్డుకే నా ప్రొటీన్ నిలవకుండా పోతా ఉంది. ఇంక వేయబాక," అన్నాను.

ఆయన చేతిలోని నిప్పుల గిన్నె కింద పెట్టాడు. "ప్రెస్సు పెట్టిన్నాటి నుంచీ వేస్తా ఉండా పాపా. నీ రూములో వేయకుంటే చాలదా?"

"పొగ గోడకాడ ఆగుతుందా?"

ఆయన గిన్నెలోని నిప్పుల మీద నీళ్లు చల్లాడు. "సరే, మానేస్తాలే," అన్నాడు.

ఆ శుక్రవారం ప్రెస్సులో పొగ లేదు. పనివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను కొత్త ఫిల్ములు అచ్చువేశాను. ఈసారి నీటి బొట్టు చక్కగా పరుచుకుంది. మర్నాడు ఆశగా ప్రొటీన్ చుక్కలు వేసి, ఆరబెట్టి, కడిగి, మీటరు పెట్టి కరెంటు కొలిచాను. అంతా ఊడిపోయింది. పొగ పాపం కొంతే. అసలు లోపం ఇంకెక్కడో, బహుశా నేను కలిపిన ఇంకులోనే ఉంది. పట్టీలన్నీ బుట్టలోకి విసిరికొట్టాను.

చప్పుడు విని పెదనాయన గుమ్మం దాకా వచ్చాడు. "ఏంది పాపా, అంటుకునిందా?"

"లేదు. పొగ లేకున్నా ఊడిపోయింది. నువ్వు ఎప్పట్లాగే వేసుకో."

ఆయన బుట్టలోకి తొంగిచూశాడు. "ఒక్క తూరికే యాడ తెలుస్తుంది? నెలాఖరు దాకా నేను వేయనులే. నువ్వు మళ్లా అచ్చెయ్యి."

ఆయన వెళ్లిపోయాక నాకు ఏడుపొచ్చింది. ఆయన సాంబ్రాణి మళ్లీ వేస్తానని చెప్పి ఉంటే, ప్రొటీన్ అంటుకోనందుకు చెప్పుకోవడానికి నాకొక సాకైనా మిగిలేది.