చందనం బొట్టు పెట్టిన పన్నెండు సీసాలు

ఆ రోజుల్లో నాకు కోపం పొద్దున్నే వచ్చేది, బుద్ధి మధ్యాహ్నం బస్సుకు వచ్చేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పిళ్ళైచావడి పక్కన ఒక ల్యాబులో పరిశోధన చేస్తుండేవాణ్ణి. పెప్టైడ్లు, అంటే ప్రోటీన్ల చిన్న ముక్కలు, కొన్ని నీళ్ళలో వాటంతటవే అల్లుకుని జెల్ అవుతాయి. దాన్ని పుండు మీద పూస్తే కొత్త కణాలు ఎదగడానికి ఆసరా. ఒంటి రక్షణ వ్యవస్థ మాత్రం దాని మీద తిరగబడకూడదు. (తిరగబడే పని నేను చూసుకున్నాను.) ఆరు నెలలు కష్టపడి చేసిన పన్నెండు రకాల పెప్టైడ్ పొడినీ చివరి చిటికె దాకా వాడి, పన్నెండు చిన్న సీసాల్లో నీళ్ళతో కలిపి, గాజు మీద మార్కరుతో నంబర్లు వేసి, స్టాండులో వరసగా పెట్టి, ఆయుధపూజ సెలవులకు ఇంటికి వెళ్ళాను. "వచ్చాక ఏది గట్టిపడిందో చూపించు, లేకపోతే ఈ పని ఇంకొకరికి ఇస్తా" అన్నారు మా గైడు.

తిరిగొచ్చి చూస్తే ఒక్క నంబరూ లేదు! ల్యాబు ఊడ్చి తుడిచే పెద్దమ్మ (కోసపాళయం మనిషి, చుట్టూ అరవమైనా ఇంట్లో తెలుగే) పూజకని సీసాలన్నీ తళతళలాడేలా తుడిచి, ఒక్కోదానికీ చందనం, కుంకుమ పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది. సీసాలన్నీ స్టాండులోంచి లాగి బల్ల మీద గుమ్మరించాను.

"ఏంది పెద్దమ్మా ఇది? ఎవురు తుడవమన్నారు నిన్ను? ఆరు నెలల పని!"

ఒక్కొక్క సీసా ఆమె ముఖం ముందు తలకిందులుగా ఆడిస్తుంటే, ఒకదానిలోది జారలేదు. నేను వెతుకుతున్న జెల్ అదే! ఏ నంబరుదో దేవుడికే తెలియాలి. కోపం రెట్టింపైంది, ఇంకో పావుగంట అరిచాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంతా విన్నది.

"తంబీ, నంబరు పోయింది, తప్పే. అయితే ఒక్కొక్కటే ఎత్తి, తుడిచి, యాడుండేది ఆడే పెట్టినా. వరస మారలా. ఇప్పుడు పెరికి పోసింది ఎవురు?"

ఆమె మీద ఫిర్యాదు చేయాలనే గైడు గదికి బయలుదేరాను. తలుపు తీశాక నోట్లోంచి వచ్చింది మాత్రం "సీసాల వరస నేనే చెదరగొట్టాను సార్" అన్న మాట. ఆ పని జూనియర్‌కి పోయింది. నా బల్ల దగ్గరికొస్తే, పెద్దమ్మ నాకని దాచిన పూజ బొరుగుల పొట్లం ఉంది. కోపం దిగకుండానే మొత్తం తిన్నాను.

ఇప్పుడు నా ల్యాబులో ఆయుధపూజకు సీసాల మూతల మీద చందనం నేనే పెడతాను, ఒక్కొక్కటే ఎత్తి, తీసినచోటే పెడుతూ. "ఎందుకు సార్ అంత నిదానం?" అని పిల్లలు నవ్వుతారు. పెద్దమ్మకు క్షమాపణ చెప్పనే లేదు. బొరుగులు బాగున్నాయని మాత్రం చెప్పాను, అదీ చిరాగ్గానే.