శెట్టిగారి కంప్యూటర్‌కు జరిగిన శుద్ధి

2004 జూన్‌లో నన్ను కోయిలకుంట్ల శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. హోదా గ్రేడ్-2 గ్రంథపాలకురాలు. అంటే తాళం తీసేదీ, పుస్తకాలకు నంబర్లు వేసేదీ, దినపత్రిక కోసం కొట్లాడుకునే పెద్దమనుషుల్ని విడదీసేదీ ఒక్కరే. ఆ ఒక్కరూ నేనే.

ఎదురింటి నూనెల వ్యాపారి శెట్టిగారు వాళ్లమ్మ పేరు మీద మాకు కర్నూల్లో ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొని తెచ్చారు. విరాళంగా వచ్చిన యంత్రం పనిచేస్తున్నట్టు పై అధికారి కళ్లారా చూసి సంతకం పెడితేనే అది మా స్టాకులోకి ఎక్కుతుంది. పనిచేయకపోతే జిల్లా కేంద్రానికి పంపేయాలి. అలా వెళ్లిన వస్తువు తిరిగొచ్చిందని నేనెప్పుడూ వినలేదు.

అధికారి మధ్యాహ్నం వస్తారనగా పొద్దున్నే శెట్టిగారు కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మీట నొక్కారు. నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్ల వరుస: మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్.

మీట నొక్కగానే ముందు తాను లేచి, తక్కిన ప్రోగ్రాములన్నిటినీ లేపేది ఆపరేటింగ్ సిస్టమ్. అది లేని కంప్యూటర్ కంటే ఖాళీ బీరువా నయం, పుస్తకాలైనా పెట్టుకోవచ్చు. ఈ మాటే శెట్టిగారితో అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. వెంటనే అమ్మినతనికి ఫోన్ కలిపారు. అవతలి గొంతు నాక్కూడా వినబడింది.

"నువ్వే గదప్పా చెప్పింది! అమ్మ పేరుతో సరస్వతికి ఇస్తాండా, ముందు వాడినోళ్లది ఏదీ మిగలగూడదు, ఎంగిలి లేకుండా ఇయ్యి అంటివి. అంతా తుడిచేసినా."

"వాళ్ల పోటోలు తీసెయ్యమంటి గానీ ప్రాణం తీసెయ్యమంటినా?" అని శెట్టిగారు అరిచారు.

కర్నూలుకు పోయి రావడానికి టైము లేదు. అప్పుడు నాకు బీరువా గుర్తొచ్చింది. మాకు నెలనెలా ఒక కంప్యూటర్ పత్రిక సీడీతో సహా వచ్చేది. పత్రికను బల్ల మీద వేసే ముందు సీడీ విడదీసి, ముద్ర వేసి, బీరువాలో పెట్టి తాళం వేయాలన్నది నిబంధన. కంప్యూటరే లేని గ్రంథాలయం సీడీలు దాచుకోవడమేమిటని పాఠకులు నన్ను ఎగతాళి చేసేవాళ్లు. వాటిలో ఒకటి లైనక్స్. పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్, అందరికీ ఉచితం. ఎక్కించే పద్ధతి ఆ పత్రికలోనే తెలుగులో ఉంది.

సీడీ పెడితే మళ్లీ అదే తెల్ల వరుస! యంత్రం సీడీ వైపు చూస్తేగా. పత్రికలో చెప్పినట్టు, ఆన్ చేస్తూనే డిలీట్ మీట నొక్కి, వచ్చిన నీలం తెరలో "ముందు సీడీ చూడు" అని మార్చాను. డ్రైవు గిర్రున తిరిగింది. శెట్టిగారు ఆనందం పట్టలేక హారతి వెలిగించారు. కర్పూరం దూరంగా పెట్టమని నేను కేకలేశాను.

సగం ఎక్కేసరికి వాకిట్లో జీపు ఆగింది.

"సార్‌ను నాకిడిచిపెట్టమ్మా" అని శెట్టిగారు అధికారిని భోజనానికి లాక్కుపోయారు. కాసేపటికి వాళ్ల కోడలు అరుగు మీద నిలబడి కేకేసింది.

"మేడమ్, యాడికొచ్చె?"

"ఇంగా ఉండాది! ఇంగో రెండు ఓళిగలెయ్!" అని నేను ఇక్కణ్నుంచి అరిచాను.

"వద్దండీ, బొబ్బట్లు చాలు" అని లోపలి నుంచి అధికారి గొంతు దీనంగా వినబడింది. ఇక్కడ పాఠకులు పేపర్లు పక్కన పడేసి, తెర మీద పాకుతున్న గీతను క్రికెట్ స్కోరులాగా చూస్తున్నారు. చివరికొచ్చి ఆగిపోయింది. అది కదిలి నిండగానే ఈలలు! "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కింద ముందు చప్పట్లు కొట్టింది నేనే.

అధికారి పొట్ట పట్టుకుని వచ్చారు. ఇది విండోస్ కాదే, మా ఆఫీసులో ఉండేది వేరే కదా అన్నారు. నిబంధనలో "పనిచేసే కంప్యూటర్" అనే ఉంది, దాని ఇంటిపేరు అడగలేదన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని తన పేరు టైపు చేసి, దాన్ని తెరంత పెద్దది చేసి చూసుకుని, ఆ తర్వాత పేకాట తెరిచారు.

"ఎర్ర ఏడు నల్ల ఎనిమిది మీదికెయ్యండి సార్!" అని వెనకనుంచి పదిమంది. ఆట ఓడిపోయి మరీ సంతకం పెట్టారు. కంప్యూటర్ కోయిలకుంట్లలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత నా సర్వీసులో ఏ పని పురమాయించినా, ఏది తీసేయాలో చెప్పి ఊరుకోలేదు. ఏది ఉంచాలో కూడా చెప్పాను.