కాంటా పట్టని జోడు తప్పు

నర్సింహమ్మ మాటపడే మనిషి కాదు. లక్డారం నుంచి పటాన్‌చెరు మందుబిళ్లల ఫ్యాక్టరీకి పద్దెనిమిదేళ్లుగా పోతోంది. ప్యాకింగ్ హాల్లో ప్రతి పెట్టెనూ కాంటా మీద పెట్టి చూడటం ఆమె పని. ఒక్క స్ట్రిప్పు తగ్గినా పెట్టె ఆమెను దాటి పోయేది కాదు. తల్లీతండ్రీ లేని చెల్లెలు ముత్యమ్మను ఆ కష్టంతోనే ఎమ్మెస్సీ దాకా చదివించుకొచ్చింది.

అలాంటిది 2006 ఎండాకాలంలో ఒక గురువారం ఒక పెట్టె వాపస్ వచ్చింది. లోపల ఒక స్ట్రిప్పు లేదు. మందు ఎలా వాడాలో రాసిన కాగితాలు మాత్రం నాలుగు ఎక్కువ పడ్డాయి. నిర్లక్ష్యం తనదేనని ఒప్పుకుంటూ సోమవారానికల్లా సంతకం పెట్టమన్నాడు సూపర్‌వైజర్ భీమశంకరం. పెడితే కాంటా దగ్గర్నుంచి తీసేస్తారు.

ఆదివారం ఆమె పొయ్యి ముట్టించలేదు. "నా కండ్లే పోయినట్టున్నయ్ ముత్యాలూ. సంతకం పెట్టేస్త," అంది.

ముత్యమ్మ సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ముందు కాలేజీ ప్రాజెక్టు చేసుకుంటోంది. క్యూబిట్లంటే కొత్తరకం యంత్రంలో లెక్క మోసే గింజల్లాంటివని అక్కకు ఎప్పుడో చెప్పింది. అలాంటివి నాలుగు ఉన్నట్టు కంప్యూటర్లోనే అనుకుని, పాచిక వేసినట్టు ఒక్కోదానికి నూటికోసారి దెబ్బ తగిలిస్తుంది. దెబ్బల్లో మూడు రకాలు. ఆ దెబ్బల్ని కనిపెట్టడానికి రాసుకున్న తనిఖీ ఎన్నింటిని పట్టిందో లెక్క చూస్తుంది. కావాలని పాడుచేసి చూడటం కూడా ఒక చదువేనా అని నర్సింహమ్మ తెగ నవ్వేది. ఇవాళ ఆ నవ్వు లేదు.

"అక్కా, జెర ఇటు సూడు. ఒక్కదానికే దెబ్బ తగిల్తే తనిఖీ పట్టేస్తది. ఒకే తీరు దెబ్బ రెండింటికి పడితే ఒకదాన్నొకటి కప్పేస్తయ్. తనిఖీకి అంత మంచిగనే కనబడ్తది. లక్షసార్లు నడిపితే ఇర్వై రెండు గట్ల జారిపోయినయ్."

నర్సింహమ్మ తెర దగ్గరికి జరిగి కూర్చుంది. "ఆ ఇర్వై రెండింటికి మీ సారు ఎవర్ని తిట్టిండు?"

"ఎవర్నీ తిట్టలే. గిట్ల పడితే ఈ తనిఖీతోని కాదని రాసుకొమ్మన్నడు."

సోమవారం నర్సింహమ్మ సంతకం కాగితాన్ని ముట్టుకోలేదు. భీమశంకరం ఎదుటే మంచి పెట్టె ఒకటి తూచింది. అందులోంచి స్ట్రిప్పు తీసి, నాలుగు కాగితాలు వేసి మళ్లీ తూచింది. కాంటా అదే బరువు చూపించింది.

"సార్, ఇది కాంటాతోని కాదు. తప్పు నాదని నేను రాయ. కాగితాలు లెక్కవెట్టేతందుకు ఇంకొకల్లను కూసోవెట్టుండ్రి."

భీమశంకరం తనే మరోసారి తూచి చూశాడు. "పో నర్సింహమ్మా, అక్కడ పెట్టెలన్నీ ఆగిపోయినయ్," అన్నాడు.

ఆమె కాంటా దగ్గర తన చోటుకు పోయి మొదటి పెట్టె అందుకుంది. నాలుగు రోజులుగా బిగబట్టిన ఏడుపు అప్పుడొచ్చింది. పక్కవాళ్లు చూస్తున్నా ఆపుకోలేదు.