బ్రష్షుల డబ్బాలో ఇన్సులిన్ పెన్ను

స్కేలు లేకుండా సూటిగా గీత గీయడంలో ఆ బోర్డుల పెయింటరుకు సాటి లేదు. అందుకే ఆయన్ని అందరూ గీతల మాస్టారు అంటారు. అలాంటి మనిషికి బడిగోడ మీద బడి పేరు రాయబోతే చేయి వణికింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. మొదటి అక్షరం పూర్తికాకుండానే నిచ్చెన దిగేశాడు.

వయసు మీద పడిందన్నారు చూసినవాళ్లు. ఆయనా అదే నమ్మాడు. ప్రాణంగా చూసుకునే సన్న బ్రష్షును భార్య చేతిలో పెట్టి పారేయమన్నాడు. మొగుడు చెప్పినవన్నీ చేసి ఉంటే ఆవిడ సంసారం గట్టెక్కేదే కాదు. బ్రష్షును పిండి డబ్బా వెనక దాచింది.

ఆయనకు షుగరు జబ్బు, ఇంట్లో మిషన్‌తో చూసేది ఆవిడే. కొత్త ఇన్సులిన్ పెన్ను మొదలుపెట్టిన రోజుల్లో షుగరు కొండెక్కి కూర్చునేది. పెన్ను అయిపోవచ్చేసరికి పడిపోయి, వణుకు వచ్చేది. వయసు వణుకైతే పెన్నును బట్టి రాదు కదా అని ఆవిడ అనుమానం. ఆయన్ని క్లినిక్‌కు లాక్కెళ్లింది.

ఇంట్లో ఎలా పొడుచుకుంటారో చూపించమంది నర్సు. మాస్టారు సంచిలోంచి బ్రష్షుల డబ్బా తీశాడు. బ్రష్షుల మధ్య పెన్ను కూడా మూత పైకి పెట్టి నిలువుగా నిలబడి ఉంది. ఆయన దాన్ని కదలకుండా ఎత్తి, సూది బిగించాడు.

"ఆగండి బాబాయ్. కలపకుండానే పొడుచుకుంటారా?"

కలపమని పెన్నుతో వచ్చిన కాగితంలో ఉన్న మాట నిజమేనట. అది రాసినవాళ్లు జన్మలో తలుపుకు వార్నిష్ వేసి ఉండరని ఆయన అభిప్రాయం. వార్నిష్‌ను కదిలిస్తే బుడగలు వస్తాయి. మందైనా అంతేగా అన్నాడు ధీమాగా.

నర్సు పెన్నును కిటికీ వెలుగుకు పట్టింది. పైన తేటనీరు, అడుగున సుద్దలాంటి తెలుపు.

"ఇది వార్నిష్ కాదు బాబాయ్, పెయింటు. అడుగు కలపకుండా బోర్డు రాస్తారా?"

మాస్టారు పెన్ను అందుకుని తనూ వెలుగుకు పట్టాడు. పనివాడికి ఇక విడమరచి చెప్పక్కర్లేదు. ఇన్నాళ్లూ మొదట పలచటి నీళ్లు, చివర చిక్కటి ముద్ద పొడుచుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు.

అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు పైకీ కిందికీ తిప్పమంది నర్సు. లోపలి చిన్న గోళీ అందుకే ఉందట. అంతా ఒకేలా పాలలా కావాలి, ఉండలుంటే వాడకూడదు. గట్టిగా మాత్రం కుదపొద్దంటే, నేను చెప్పలేదా అన్నట్టు మాస్టారు భార్యకేసి చూశాడు. తిండి సిద్ధమయ్యాకే పొడుచుకోమని, వణుకు వస్తే వెంటనే చక్కెర తినమని కూడా చెప్పింది. డాక్టరు ఆ పెన్ను పారేయించి కొత్తది ఇచ్చాడు, షుగరు లెక్కలు చూసి మోతాదు సరిచేశాడు.

ఆ రోజు నుంచి ఆయన పెన్ను దొర్లిస్తుంటే ఎదురుగా కంచం పెట్టుకుని భార్య పది దాకా లెక్కపెట్టేది. కొత్త పెన్ను అడుగంటింది. వణుకు రాలేదు. మర్నాడు పొద్దున కంచం పక్కన సన్న బ్రష్షు కనబడింది.

"పారేయమన్నానుగా?"

"ముందు తినండి. గోడ ఎక్కడికీ పోదు."

తిన్నాడు, జేబులో చక్కెర పొట్లం వేసుకున్నాడు, భార్యను వెంటబెట్టుకుని బడికి వెళ్లాడు. మధ్యాహ్నానికి పేరు పూర్తయింది. దాని కింద ఈ చివర నుంచి ఆ చివరకు గీత లాగాడు. హెడ్‌మిస్ట్రెస్ స్కేలు ఆనించి చూసి, వెంట్రుకవాసి తేడా లేదంది. మాస్టారు గీతను చూడలేదు. తన చేయి చూసుకుని ఏడ్చేశాడు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, కింద నిచ్చెన పట్టుకున్న భార్యను ఇంకో డబ్బా రంగు కలపమన్నాడు. ఆవిడ పది దాకా పైకే లెక్కపెడుతూ కలిపింది.