బూటులో చెయ్యి

కొత్త బూట్ల డబ్బా మూత తీయగానే ఒక వాసన వస్తుంది. రబ్బరు, జిగురు, నలిగిన పల్చటి తెల్ల కాగితం. చాలామందికి అది పండగ వాసన. నాకు మాత్రం అరచేతుల్లో చెమట పడుతుంది. మొన్న శంషాబాద్ బస్టాండు దగ్గర మా అమ్మాయికి బడి బూట్లు కొంటున్నప్పుడూ అంతే. అమ్మాయి కాలు పెట్టబోతుంటే ఆపి, నా కుడిచెయ్యి బూటులోకి మణికట్టు దాకా దూర్చి అడుగంతా తడిమాను. "ఏం దేవులాడుతున్నరు మేడం? కొత్త మాలు, ఇప్పుడే డబ్బా ఇప్పిన" అన్నాడు దుకాణదారు. "ఏం లేదు" అన్నాను. అమ్మాయి నాతో ఏ సంబంధమూ లేనట్టు తలుపు వైపు తిరిగి నిలబడింది. ఇన్నేళ్ళలో ఏ కొత్త బూటులోనూ ఏమీ దొరకలేదు. అయినా తడమకుండా ఏ బూటూ కాలికి తొడగనివ్వను.

ఈ జబ్బు నాకు అంటించింది హమీదా చాచీ. మా వాళ్ళది సాతంరాయి అనే ఊరు, వ్యవసాయం. మా చదువుల కోసం శంషాబాద్‌లో కిరాయికి దిగిన ఇంటికి పక్కవాటా ఆమెది. భర్త పోయాక బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. వరండాలో కుట్టుమిషను, దాని కింద గుడ్డపీలికల గుట్ట, ఆమె పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు. ఆ సూదులతోనే మాట్లాడేది, నవ్వేది, కొడుకు ఇర్ఫాన్‌ను తిట్టేది. ఏదో ఒకరోజు వాటిని మింగేస్తుందని నా భయం. నా భయాల పట్టికలో దానిది మూడో స్థానం. మొదటి రెండూ వీధికుక్కలకూ లెక్కల సారుకూ ఎప్పుడో ఖాయమైపోయాయి.

ఏ బట్ట కుట్టినా ఇచ్చేముందు దాన్ని లోపలివైపు తిప్పి, అరచెయ్యి పరిచి, భుజం నుంచి అంచు దాకా నెమ్మదిగా రాసేది. నా అయిదో తరగతి గౌను కోసం నేను ఆరాటంగా నిలబడితే కూడా అలాగే చేసింది. "తొందరేందే డర్‌పోక్? జర ఆగు. సూది మిగిలితె నా చేతికి గుచ్చుకోవాలె గని నీ వీపుకు గాదు" అంది. డర్‌పోక్ అంటే పిరికిది. నా అసలు పేరు మాధవి అని ఆమెకు తెలుసని ఆమె మాటల్ని బట్టి ఎవరూ చెప్పలేరు.

నా డిగ్రీ అయిన ఏడు, చాచీ కూతురు నాజియాకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికి రెండువారాల ముందు వెళ్ళి, బట్టలూ బూట్లూ దుబాయిలో కొనాలని చాచీ నిర్ణయించింది. అక్కడ ఆమె అక్క ఉండేది. ఇర్ఫాన్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు, సెలవు దొరకలేదు. నాకు డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు, అంటే సెలవుకు లోటు లేదు. "నీకు అంగ్రేజీ వస్తది, నాకు ధైర్నం వస్తది. ఇద్దరం కలిస్తె ఒక్క మనిషన్న అయితం, పా" అంది. మా నాన్న ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకున్నానో లేదో ఎవరూ అడగలేదు.

ప్రయాణానికి ముందు రెండు రోజులు ఆమె ఇంటింటికీ తిరిగింది. పాత పేపరు పరిచి, దాని మీద ఒక్కొక్కరి పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలు గీసింది. నేను వాటిని కత్తిరించి పేర్లు రాశాను. పెళ్ళికొడుకు, మేనమామ, మేనమామ చిన్నకొడుకు. సైజు నంబరు అడిగితే సరిపోదా అన్నాను. "నంబరు కంపెనీకో తీరు చెప్తది. కాయితం ఒక్క తీరే చెప్తది" అంది. మొత్తం ఇరవై మూడు పాదాలయ్యాయి. ఇరవై నాలుగో పేపరు నేను పరిచి, "నీది పెట్టు చాచీ" అన్నాను. "నాదెందుకే? షాదీ నాదా?" అని పేపరు మడిచేసింది. విమానంలో చలి పెడుతుందని ఎవరో చెబితే, కుట్టుమిషను కింద ఎప్పటి నుంచో పడి ఉన్న నాజియా పాత కాన్వాసు బూట్లు తీసి తొడుక్కుంది. ఆ ఇంట్లో ఒంటికి తొడిగే ముందు తడిమి చూడని వస్తువు అదొక్కటే అయి ఉంటుంది.

దుబాయిలో ఆమె ముందు, నేను వెనక. దేరా బజారు సందుల్లో మలయాళీ సేటు హిందీలో పిలిచేవాడు, పఠాను ఉర్దూలో, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఇంగ్లీషులో. చాచీ అందరికీ తెలుగూ ఉర్దూ కలిపి జవాబు చెప్పేది, అందరికీ అర్థమయ్యేది. ఇంగ్లీషు కోసం తీసుకుపోయిన నేను ఇద్దరి పాస్‌పోర్టులున్న సంచిని పసిపిల్లలా గుండెకు అదుముకుని, మెట్లు వాటంతట అవే కదిలే చోట కళ్ళు మూసుకుని నడిచాను. ఆ జనంలో ఆమె ముదురాకుపచ్చ బురఖా ఒక్కటే నాకు దారి. అది ఏ మూలైనా మలుపు తిరిగి కనబడకపోతే సంచితో సహా పరుగెత్తేదాన్ని. ఆమె మాత్రం ప్రతి షేర్వానీ లోపలికీ అరచెయ్యి పోనిచ్చి, ప్రతి బూటులోకీ కాగితపు పాదం దూర్చి, "మేనమామది ఇరుకైతది, ఇంకోటి చూపియ్" అంటూ దుకాణం దుకాణం తిరిగింది. విమానం దిగిన రోజే, పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా కూర్చోలేదు. కాళ్ళు నొప్పి లేవా అని అడిగాను. "నాకు కాళ్ళ నొప్పులే రావు" అంది గర్వంగా. ఆమెకు పదేళ్ళుగా షుగరు. ఆ రెండు సంగతులనూ కలిపి చూడాలని నాకు తట్టలేదు. నా డిగ్రీ కామర్స్‌లో.

ఆఖరి దుకాణంలో నేను పట్టుబట్టాను, ఆమెకూ ఒక జత కొనాలని. విసుక్కుంటూనే కూర్చుంది. దుకాణం అమ్మాయి మోకాళ్ళ మీద వంగి ఎడమ బూటు విప్పి, చెయ్యి వెనక్కి తీసుకుని, నా వైపు చూసింది. "మేడం, బ్లడ్" అంది మెల్లగా. బూడిదరంగు మేజోడు కిందిసగం నల్లగా తడిసి ఉంది. నేను ఆ బూటు అందుకుని లోపలికి చెయ్యి పెట్టాను. చిటికెనవేలు ఉండే చోట నా చూపుడువేలికి కస్సున దిగింది. గుండుసూది. అట్టలోంచి పైకి నిక్కి ఉంది. దిగిన మరుక్షణం నేను కెవ్వుమన్నాను. ఆమె శంషాబాద్ నుంచి దాని మీద నడుస్తూ వచ్చింది.

"నొప్పి లేదా చాచీ?"

"లేదే." ఆమె తన పాదాన్ని వేరేవాళ్ళ వస్తువులా చూసుకుంది. ఆ ముఖంలో భయం చూడటం నాకదే మొదటిసారి. లోకంలో భయపడని మనిషి ఒకరైనా ఉన్నారన్న ధీమా మీద నేను అంతదాకా బతికాను. ఆ ధీమా ఆ బెంచీ మీదే పోయింది.

రెండు నిమిషాల్లో ఆమె తేరుకుంది. నా మణికట్టు పట్టుకుంది. "ఇర్ఫాన్‌కు చెప్పినవంటె దవాఖానల పండవెడ్తడు. షాదీ ఆగుతది. ఆగిన షాదీ మల్ల నడుస్తదో లేదో ఎవలకెర్క? షాదీ అయ్యేదాంక నోరు తెరవనని నా చేతుల చెయ్యి వెయ్." వేశాను. కాదనడానికి కూడా ధైర్యం కావాలి.

మిగిలిన రెండు రోజులూ ఆమె అక్కకు తెలియకుండా, స్నానాలగదిలో ఆ పాదాన్ని వేడినీళ్ళతో కడిగి దూది పెట్టాను. మొదటి పూట ఎర్రగా ఉంది. మర్నాటికి వాచింది. బయలుదేరే రోజు పొద్దున చివరి రెండు వేళ్ళూ వంకాయ రంగుకు తిరిగి, ఒక తియ్యటి వాసన మొదలైంది. నేను గడ్డిమందు వాసన మధ్య పెరిగినదాన్ని, ఏ వాసనకూ ముక్కు మూసుకునే అలవాటు లేదు. ఆరోజు మూసుకున్నాను. విమానంలో ఆమె కిటికీ పక్కన నాజియా బట్టల రంగుల గురించి చెబుతూనే ఉంది. నేను తల ఊపుతూ ఆమె పాదాన్నే చూశాను.

శంషాబాద్‌లో కస్టమ్స్ ఆఫీసరు మా పెట్టె తెరిపించాడు. బూట్ల మీద పరిచిన పేపరు ముక్కలు పైకెత్తి, "ఇవేమిటండీ?" అన్నాడు. "పాదాలు" అన్నాను. "ఎవరివి?" "ఇరవై మూడు మందివి." ఆయన నా ముఖం చూసి పెట్టె మూసేశాడు. ఆ ముఖంలో ఏం కనబడిందో గాని, దాచిన బంగారమైతే కాదు.

బయట ఇర్ఫాన్ నవ్వుతూ ట్రాలీ అందుకున్నాడు. చాచీ నా చేతిని గట్టిగా నొక్కింది. గుర్తుందిగా, అని. గుర్తుంది. చెబితే ఆమె నన్ను క్షమించదు, చెప్పకపోతే ఏమవుతుందో నాకు వాసన తెలుస్తోంది. ఆ రెండు భయాల్లో పెద్దది ఏదో చూసుకున్నాను, అంతే. దాన్ని ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను.

"ఇర్ఫాన్ భాయ్, ఇంటికి గాదు, దవాఖానకు పా. చాచీ ఎడమకాలు చూడు."

ఇర్ఫాన్ అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని బూటు విప్పాడు. విమానాశ్రయం గేటు ముందు జనం పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. చాచీ అతణ్ణి చూడలేదు, నన్ను చూసింది. "నీ మాటకు టాకా గట్టిగ లేదు బేటా" అంది. టాకా అంటే కుట్టు. డర్‌పోక్ అనకపోవడం అప్పుడు నన్ను మరీ భయపెట్టింది.

రెండు వేళ్ళు తీసేశారు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయిందని, ఇంకో వారం ఆగితే పాదమే పోయేదని డాక్టరు ఇర్ఫాన్‌తో అన్నాడు. పెళ్ళి అనుకున్న రోజునే జరిగింది. మేనమామ బూట్లు సరిగ్గా సరిపోయాయి. చాచీ కాలికి కట్టుతో కుర్చీలో కూర్చుని అందరినీ పలకరించింది, నన్ను తప్ప. రెండు నెలలు ఆమె మా గడప తొక్కలేదు. గోడ అవతల మిషను చప్పుడు వినబడేది. అది ఆగినప్పుడల్లా నేను గోడకు చెవి ఆనించేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె కర్ర పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చి, ఒక పేపరు ముక్క నా ఒళ్ళో పడేసింది. పెన్సిలుతో గీసిన ఎడమపాదం. బొటనవేలు, రెండో వేలు, మూడో వేలు, ఆ తర్వాత గీత వంపు తిరిగి నేరుగా మడమకు వచ్చేసింది.

"నాకొక జత తే. దుబాయి గీబాయి వద్దు, బస్టాండుకాడ చాలు. లోపల చెయ్యి పెట్టి చూసి తే."

"నేనా చాచీ?"

"మల్లెవరు? ధైర్నమున్నోళ్ళు చూస్తరా? నా అసొంటోళ్ళు సీద కాలు పెడ్తరు. నువ్వే పో, డర్‌పోక్."

నేను ఏడ్చాను. ఆమె గోడకు ఆనుకుని, ఏడుపు అయ్యేదాకా ఓపిగ్గా ఆగి, చాయ్ పెట్టమంది.

తర్వాత ఎనిమిదేళ్ళు ఆమె బూట్లన్నీ నేనే కొన్నాను. పోయినేడు ఆమె నిద్రలో పోయింది, గుండెతో, పాదాలకు సంబంధం లేకుండా. ఆ పేపరు నా సంచి లోపలి జేబులో ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డ అతికించాను. మొన్న దుకాణంలో చెయ్యి బయటికి తీశాక అమ్మాయి గొణిగింది, "అందరూ చూస్తున్నారమ్మా, ఎందుకంత భయం నీకు?"

"రెండోది కూడా ఇటియ్యి" అన్నాను.